ముల్లు పైకి లేచినప్పుడు



మన ఓమ్నీ వ్యాను తిరిగి వచ్చింది. మంగళవారం విజయవాడ వెళ్లి తీసుకొచ్చాను. ఆ రోజు సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే అందులో నేను ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆదివారం మందిరంలో ఎలాగూ చెబుతాను. కానీ హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉండి ఈ బండి కోసం డబ్బు పంపిన మన పిల్లలు ఆ రోజు అక్కడ ఉండరు. అందుకని ముందు ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకి పల్లెవెలుగు ఎక్కాను. మైలవరంలోనే బస్సు నిండిపోయింది. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సులో సీటు దొరకడమంటే పెద్ద సంగతే. ఇబ్రహీంపట్నం దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లాను. పనికి పోయే అక్కలు క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నారు. నెల రోజులు బండి లేకపోతే నాకు విసుగొచ్చింది. మీలో చాలామందికి ఏడాది పొడుగునా ఇదే ప్రయాణం.

జేబులో మీ అమ్మగారు రాసిచ్చిన చీటీ ఉంది. ప్రభురాత్రి భోజనానికి రొట్టె, ద్రాక్షారసం. మైకుకి సెల్లులు. ఒక అబ్బాయి స్కాలర్‌షిప్ కాగితాల జిరాక్సు. మన సంఘంలో ఒక పెద్దామెకి బీపీ బిళ్లలు. ఆమె ఖాళీ అట్ట ఇచ్చి పంపింది. పేరు రాయొద్దంది కాబట్టి రాయను.

బస్టాండులో దిగి జనఔషధి కొట్టుకి వెళ్లాను. కొట్టబ్బాయి అట్ట చూసి "ఎన్ని ఇమ్మంటారు?" అన్నాడు. ఆమెకి ఫోను చేశాను.

"ఒక్క అట్ట చాలయ్యగారూ. రోజు మార్చి రోజు వేసుకుంటున్నాలెండి."

"అదేంటమ్మా, డాక్టరు రోజూ వేసుకోమన్నారు కదా?"

"ఈ నెల పింఛన్లో వెయ్యి బండికిచ్చా కదయ్యా. మళ్లీ ఒకటో తారీకు దాకా సర్దుకుంటా."

నాలుగు వేల పింఛనులో వెయ్యి. కవరులో పెట్టి ఇచ్చింది, ఎంతని నేను చూడలేదు. రెండు నెలలకి సరిపడా అట్టలు తీసుకుని బయటికొచ్చాను గానీ, కాళ్లలో బలం లేదు. ఎందుకో చెబుతాను.

మిగిలిన పనులు ముగించుకుని సిటీ బస్సులో ఆటోనగర్ చేరేసరికి పన్నెండయింది. మెకానిక్ భాయ్ షెడ్డు ముందు బండి కడిగి పెట్టి ఉంది. ఆయన లోపలికి తీసుకెళ్లి పాత హెడ్ గ్యాస్కెట్ చూపించాడు. ఒక పక్క కాలి తెగిపోయింది. "వేడికి హెడ్ వంగింది సార్. లేత్ మీద ఫేసింగ్ చేయించా. నీళ్లు ఆయిల్లో కలిసి పాలు పోసిన టీలాగా అయిపోయింది" అన్నాడు. తర్వాత చిట్లిన రేడియేటర్ గొట్టం నా చేతిలో పెట్టాడు. "అంతా ఇక్కడే మొదలైంది. కూలీతో కలిపి ఆరు వందల పని. ముల్లు ఎప్పటి నుంచి పైకి లేస్తోంది?"

"సరిగా చూడలేదు భాయ్" అన్నాను.

అది అబద్ధం. రెండు నెలల నుంచి చూస్తూనే ఉన్నాను. ఎక్కడికైనా బయల్దేరే ముందు బాటిలుతో నీళ్లు పోసేవాణ్ణి. ముల్లు పైకి పోతుంటే మీటరే పాడైందని నాకు నేనే చెప్పుకున్నాను. కూటములు ఉన్నాయి, పెళ్లి ఉంది, వచ్చే వారం చూద్దాం అనుకున్నాను. కొండపల్లి దగ్గర తెల్లటి పొగ చిమ్మి బండి ఆగిన రోజున వెనక సీట్లో చెకప్‌కి వెళ్తున్న నిండు చూలాలు ఉంది. ఆటో దొరికేదాకా అరగంట ఆ అమ్మాయిని ఎండలో నిలబెట్టాను. ఏమీ కాలేదు. అది దేవుని దయ, నా జాగ్రత్త కాదు.

ఆ తర్వాత ఆదివారం మీ ముందు నిలబడి ఏమన్నానో గుర్తుందా? "బండి పాతదైపోయింది కదండీ, ఇంజను పోయింది" అన్నాను. అందరూ తలూపారు. కానుకలు వచ్చాయి. బండి పాతదే. కానీ పాడైంది వయసు వల్ల కాదు, నా వల్ల.

బిల్లు 15,600 రూపాయలు. లెక్కపెట్టి ఇచ్చాను. బండి ఎక్కబోయే ముందు వెనక్కి తిరిగి "భాయ్, ముల్లు సంగతి నాకు రెండు నెలల నుంచీ తెలుసు" అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "అందరికీ తెలుస్తది సార్. ఎవరూ ఆపరు" అని, ఇకనుంచి ఉత్త నీళ్లు పోయొద్దని, కూలెంట్ కలిపితే లోపల తుప్పు పట్టదని, వేడి మీద ఎప్పుడూ మూత తీయొద్దని చెప్పి పంపాడు.

దారంతా ముల్లునే చూసుకుంటూ వచ్చాను. మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో రెండు కాసులు వేసిన విధవరాలి గురించి మీకు ఎన్నోసార్లు బోధించాను. ప్రతిసారీ ఇచ్చిన ఆమె గురించే చెప్పాను. దానికి సరిగ్గా పైనున్న మాటల మీద ఎప్పుడూ ఆగలేదు. అక్కడ ప్రభువు, పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు తినేసే బోధకుల గురించి హెచ్చరించాడు. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమె వైపు వేలు చూపించి మిమ్మల్ని మెచ్చుకోమన్న నేను, ఆ పైవాళ్లలో నా ముఖం ఉందేమోనని వెతుక్కోలేదు.

ఊళ్లోకి రాగానే ముందు ఆ పెద్దామె ఇంటి ముందే బండి ఆపాను. బిళ్లలు చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పి, వెయ్యి రూపాయలు తీసి ఇచ్చాను.

"ముల్లు పైకొస్తే ఆపాలని తెలీదా అయ్యగారూ? మావాడు ఆటో తోలేటప్పుడు విన్నా, నాకే తెలుసు" అంది. తర్వాత డబ్బు నా జేబులోకే నెట్టింది. "ఇది నేను మీకివ్వలా, దేవుడికిచ్చా. తిరిగివ్వడానికి మీరెవరు?" బిళ్లలు మాత్రం తీసుకుంది. రోజూ వేసుకుంటానని మాటిచ్చింది. ఆమె క్షమించిందో లేదో నేను అడగలేదు. మజ్జిగ ఇచ్చింది, తాగాను.

ప్రియులారా, నేను చేయదలచుకున్నది ఇది. గొట్టానికి ఎలాగూ అయ్యే 600 పోగా, మిగిలిన 15,000 నా తప్పు ఖరీదు. నెలకి 1,000 చొప్పున పదిహేను నెలలు నా జీతంలోంచి బండి ఖాతాలో వేస్తాను. బిల్లు మందిరంలో బోర్డు మీద అంటిస్తాను, ఎవరైనా చూడొచ్చు. ఇకమీదట పింఛను మీదే బతికేవాళ్లు కవరు ఇస్తే, మందుల డబ్బు పక్కన పెట్టుకున్నారా అని ముందు అడుగుతాను.

మీ ఇంట్లోనూ ఏదో ఒక ముల్లు పైకి లేస్తూ ఉండొచ్చు. చేయించుకోని షుగరు పరీక్ష కావచ్చు, మాట తగ్గించేసిన కొడుకు కావచ్చు, ఇంట్లో చెప్పని వడ్డీ అప్పు కావచ్చు. మీటరే పాడైందని అనుకోకండి. గొట్టం చిట్లినప్పుడే బండి పక్కన ఆపండి. ఆలస్యమైతే మన తప్పుకి ఖరీదు ఇంకెవరో తమ బిళ్లల్లోంచి కడతారు.

నా కోసం ప్రార్థన చేయండి. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.