మావాడి కారు బ్రేకులు



పోయిన నెల నేను గుంపులో పెట్టిన ఫోటో చూసి చాలామంది రకరకాలుగా అడిగారు. అందులో మావాడు హెల్మెట్ పట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు, నేను ఒక చెక్క ముక్కతో చక్రం దగ్గర కూర్చుని ఉన్నాను. "మీవాడు రేసులకు పోతున్నాడా?" అని ఒకరు. "ఆ చెక్కేమిటండీ, దిష్టికా?" అని ఇంకొకరు. "రోజూ ఆఫీసుకు పోయే కారే కదా, బ్రేకులు ఏమైనా మార్పించారా?" అని ఇద్దరు కుర్రాళ్ళు. ఈ చివరి ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు కుదరదు. అందుకే ఈ పొడుగాటి ఉత్తరం. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే దాటేయొచ్చు, నేనేమీ అనుకోను.

ముందు ఆ జాగా గురించి చెప్పాలి. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2.1 కిలోమీటర్ల ట్రాక్, 2003లో మొదలైంది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ గారి పేరు దానికి పెట్టారు. మారుతి 800 ఇంజిను పెట్టి ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేసి, మామూలు కుర్రాళ్ళకు కూడా రేసులు అందుబాటులోకి తెచ్చిన మనిషి ఆయన. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్ నడిపిన నారాయణ్ కార్తికేయన్‌ది కూడా ఆ ఊరే. కోయంబత్తూరు నాయుళ్ళ ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అని మన సంఘంలో చాలామందికి తెలియదు. నేను పుట్టి పెరిగింది ఆ పక్కనే, పోదనూరు రైల్వే కాలనీలో. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. అక్షరాలు అమ్మ నేర్పింది. నా రాతలో అరవ వాసన వస్తుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మాది మద్రాసు కాదు కాబట్టి అది కోయంబత్తూరు వాసన అని నేనంటాను.

మావాడు పోయేది రేసుకు కాదు. ట్రాక్ డే అంటారు. డబ్బు కట్టి, మన కారే తీసుకుపోయి, ట్రాక్ మీద కొన్ని విడతలు నడుపుకోవచ్చు. ఎదురు బండి రాదు, కుక్క అడ్డం రాదు, ఆటో ఉన్నట్టుండి తిరగదు. ఏడాదికి రెండు మూడుసార్లు పోతాడు. మిగతా రోజుల్లో అదే కారు పొద్దున ఏడున్నరకు మా మనవరాల్ని బడిలో దించి, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పాకుతుంది. నా బాధంతా ఈ రెండోదాని గురించే. ట్రాక్ మీద హెల్మెట్ ఉంటుంది, పక్కన మట్టి మైదానం ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది. సోమవారం పొద్దున వెనక సీట్లో ఎనిమిదేళ్ళ పిల్ల ఉంటుంది.

గడిచిన డిసెంబరులో నేనూ వెంట వెళ్ళాను. మూడో విడత, అయిదో చుట్టు. పొడుగు దారి చివర మలుపుకు ముందు అందరూ బ్రేకు వేసే చోట మావాడి కారు ముక్కు వంగలేదు. తిన్నగా మట్టిలోకి పోయి, దుమ్ములో కనిపించకుండా అయింది. గోడ పక్కన నిలబడ్డ నాకు కాళ్ళు ఆడలేదు. అరనిమిషం తర్వాత దుమ్ము తేరుకుంటే కారు నిలబడి ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. "పెడల్ నేలదాకా పోయింది నాయనా, రెండుసార్లు పంపు చేసి గేరు తగ్గించాను" అన్నాడు. అసలు భయపెట్టిన సంగతి ఆ తర్వాతది. గంటసేపు నీడలో పెడితే పెడల్ మళ్ళీ గట్టిపడింది. ఏమీ జరగనట్టే ఉంది. "సరిపోయింది, ఇంటికి పోదాం" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. మా చిన్నాన్న కొడుకుకు తెలిసిన మెకానిక్ దగ్గర పోదనూరులోనే పాత బ్రేకు ఫ్లూయిడ్ తీయించాం. గొట్టంలోంచి కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. కొత్తది ఆముదం లాగా లేత పసుపుగా ఉంటుంది.

ఇంటికొచ్చాక నేను చేసిన పని గుమాస్తా పని. మూడేళ్ళ సర్వీసు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. జాబ్ కార్డులో 'బ్రేకు ఫ్లూయిడ్' అన్న గడిలో ప్రతిసారీ టిక్కు ఉంది. బిల్లులో మాత్రం ఫ్లూయిడ్ సీసా ఒక్కసారీ లేదు. ఇంజినాయిల్ ఉంది, వైపర్ నీళ్ళకు కూడా డబ్బు వేశారు, ఫ్లూయిడ్ లేదు. స్టోర్సు వోచరు లేకుండా సామాను వాడినట్టు ఎలా రాస్తారండీ? ఏ సర్వీసు సెంటరో చెప్పను, అది ముఖ్యం కాదు. మీరూ ఒకసారి మీ బిల్లులు తీసి చూడండి. టిక్కును కాదు, సీసాను వెతకండి.

ఇంతకీ ఫ్లూయిడ్‌కు ఏమవుతుంది? అది గాలిలో తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టాక ఆ కనీసం 155కు పడిపోతుంది. డాట్ 5.1 అయితే 260, 180. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలితో తొక్కిన బలమంతా బుడగల్ని నలపడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారితే బుడగలు మళ్ళీ ద్రవంలో కలిసిపోతాయి. అందుకే గంట తర్వాత ఏమీ జరగనట్టు కనిపించింది.

అంత వేడి ఎక్కడిదని మా ఆవిడ అడిగింది. లెక్క వేసి చూపించాను. మనిషితో కలిపి 1,200 కిలోల కారు గంటకు 130 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గితే పోయే శక్తి దాదాపు 616 కిలోజౌళ్ళు. సుమారు రెండు లీటర్ల నీళ్ళను కుండలోంచి తీసి మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి. అందులో ఎక్కువ భాగం మూడు నాలుగు సెకన్లలో ముందు చక్రాల రెండు డిస్కుల్లోకే పోవాలి. ఒక చుట్టులో ఇలాంటివి రెండు మూడు. ఊళ్ళో 40 నుంచి ఆగితే పుట్టేది ఇందులో ఎనిమిదో వంతే, పైగా తర్వాత సిగ్నల్ దాకా చల్లారడానికి బోలెడు తీరిక. "అయితే కాఫీకి గ్యాసు దండగ" అంది ఆవిడ.

రైల్వేలో 36 ఏళ్ళు చేశాను, ఎక్కువ కాలం ఇక్కడే బెంగళూరులో, క్యారేజ్ అండ్ వ్యాగన్ ఆఫీసులో. స్పానరు పట్టినవాణ్ణి కాదు, కాగితాలు పట్టినవాణ్ణి. కానీ ఆ కాగితాల్లో ముఖ్యమైనది బ్రేక్ పవర్ సర్టిఫికెట్. గూడ్సు బండిలో మొత్తం ఎన్ని బ్రేకు సిలిండర్లు, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంత శాతం అని టీఎక్స్ఆర్ రాసి సంతకం పెడతాడు, డ్రైవరూ గార్డూ పెడతారు. అది లేకుండా బండి కదలదు. సకలేశపురం నుంచి సుబ్రహ్మణ్య వైపు ఘాట్ దారిలో 50 మీటర్లకు ఒక మీటరు దిగుతుంది. దిగే ముందు బ్రేకు పరీక్ష చేయాల్సిందే. ఇంకో సంగతి. రైల్లో గొట్టంలోని 5 కిలోల గాలి ఒత్తిడే బ్రేకును విడిచి ఉంచుతుంది. గొట్టం తెగితే ఒత్తిడి పడిపోయి బ్రేకు దానంతటదే పడుతుంది. కారులో దీనికి తిరగబడి ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి పుడితేనే బ్రేకు. రెండు వేరువేరు దారులు పెట్టి ఒకటి పోయినా ఇంకొకటి మిగిలేలా చేశారు గానీ, ఫ్లూయిడ్ మరిగితే రెండూ ఒకేసారి మరగొచ్చు. ఈ తేడా తెలిసినవాడికి కారు బ్రేకు మీద ధీమా కాస్త తగ్గుతుంది.

మావాడు మాత్రం ఈ సంఘటనను ఇంకోలా అర్థం చేసుకున్నాడు. పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల ఎర్ర క్యాలిపర్లు, లక్ష దాటే సరంజామా ఒకటి ఫోన్లో చూపించాడు. మూడు రాత్రులు భోజనాల దగ్గర ఇదే చర్చ. నేను అడిగింది ఒక్కటే. "ఇప్పుడున్న బ్రేకుతో చక్రాన్ని లాక్ చేయగలవా?" ఏబీఎస్ పనిచేస్తోందంటే ఆ బలం ఉన్నట్టే. అంతకు మించి కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టే. పెద్ద డిస్కు ఒక్కసారి ఆపడంలో దూరం తగ్గించదు. పదోసారి కూడా మొదటిసారిలాగే ఆగేటట్టు వేడిని దాచుకుంటుంది, అంతే. ముందు మాత్రమే పెంచితే ముందూ వెనకా బ్రేకుల పంపకం మారిపోతుంది. చక్రం కూడా పెద్దది కావాలి. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఏడాదికి మూడు రోజుల కోసం ఇదంతానా? చివరికి అతనికి నచ్చింది నా వాదన కాదు, టైర్ల ధర. ఆ లక్షలో సగానికే నాలుగు మంచి టైర్లు వస్తాయని తేలింది.

ప్యాడ్ల దగ్గర అతని మాటలో కొంత నిజం ఉంది. రోజూ వాడే ప్యాడ్లు వేడెక్కితే జారిపోతాయి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్, గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్. ఇది కుర్రాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. అలాగని అచ్చం రేసు ప్యాడ్లు వేస్తే సరిపోతుందా? ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి వేసి చూశాం. పొద్దున ఆరింటికి మా లేఔట్ ఖాళీ రోడ్డులో, ఇంకా కొత్త ఇళ్ళు రాని చివర, 40 నుంచి మొదటి బ్రేకు వేయించి నేను అడుగులు లెక్కపెట్టాను. పాత ప్యాడ్ల కంటే నా అడుగుల్లో ఆరు ఎక్కువ వచ్చాయి. పైగా పంది అరిచినట్టు చప్పుడు. వేడెక్కితే బాగా పట్టుకుంటాయి, చల్లగా ఉంటే పట్టవు. బడి దాకా రెండున్నర కిలోమీటర్లు, అవి వేడెక్కేలోపే బడి వస్తుంది. ఆరు అడుగులంటే ఒక జీబ్రా క్రాసింగ్ అంత. మావాడు ఏమీ మాట్లాడకుండా ఆ పూటే విప్పించేశాడు.

చివరికి చేయించినవి ఇవీ. జేసీ రోడ్డులో కొన్న మంచి డాట్ 5.1 ఫ్లూయిడ్. చల్లగా ఉన్నా పట్టి, మామూలు వాటికంటే ఎక్కువ వేడి ఓర్చుకునే మధ్యరకం ప్యాడ్లు. కంపెనీ సైజు డిస్కులే, కొత్తవి, చిల్లులు లేనివి. చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, వేడి దెబ్బకు చిల్లుల దగ్గరే చీలికలు మొదలవుతాయి. స్టీలు అల్లిక గొట్టాలు కూడా వేయించుకున్నాడు. పెడల్ కాస్త గట్టిగా అనిపిస్తుంది, అంతకుమించి లాభం నాకు కనిపించలేదు. ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డులో 70 నుంచి 20కి పదిసార్లు తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా కూర్చోబెట్టాలి. వేడి మీద ఆపి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది.

ఇప్పుడు చెక్క సంగతి. ట్రాక్ మీద విడత అవగానే ఒక చుట్టు మెల్లగా తిరిగి, లోపలికొచ్చాక హ్యాండ్ బ్రేకు లాగకూడదు. వెనక డ్రమ్ముల్లో వేడి మీద షూలు కరిచిపట్టేస్తాయి. గేరులో పెట్టి చక్రం కింద చెక్క పెట్టాలి. యార్డులో నిలిపిన వ్యాగన్ల కింద పెట్టేది ఇదే. ఫోటోలో ఉన్నది మా వడ్రంగి చేసిన టేకు ముక్క. దిష్టికి కాదు.

రేసు గురించి కాదు గానీ బీమా గురించి ఒక మాట. మామూలు కారు పాలసీలో రేసులు, వేగ పరీక్షలు చెల్లవని స్పష్టంగా రాసి ఉంటుంది. కాబట్టి ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చు మీదే అనుకుని పోండి. పోయేటప్పుడు దారిలో తొప్పూరు ఘాట్ చూసుకోండి. ధర్మపురి దాటాక సేలం వైపు దిగే వాలు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే లారీలకు అక్కడ పట్టేదీ బ్రేకులు వేడెక్కే జబ్బే. కిందికి దిగేటప్పుడు మూడో గేరులో దిగండి, లారీ వెనకాల దగ్గరగా పోవద్దు, ముందూ వద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి ట్రాక్ డేకి ముందు, వచ్చాక, ప్యాడ్ మందం ఎన్ని మిల్లీమీటర్లు, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చింది, డిస్కులో చీలికలేమైనా ఉన్నాయా అని రాస్తాం. కింద మూడు సంతకాలు. మెకానిక్ భాయి, మావాడు, నేను. భాయి మొదట నవ్వాడు, ఇప్పుడు అడగకుండానే పెన్ను తీస్తున్నాడు. నా సంతకం గార్డు గడిలో ఉంటుంది. 2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అనాలట. మా పుస్తకంలో గార్డే.

వచ్చే ట్రాక్ డే ఇంకో మూడు వారాలు. ఫ్లూయిడ్ ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటి ముందే మారుస్తున్నాం, ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు నట్టు విప్పాలి. ఎలా చేస్తారో చూడాలనుకునే కుర్రాళ్ళు రావచ్చు. పాత బట్టలు వేసుకుని రండి, ఆ ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది కాబట్టి మీ బండ్లు కాస్త దూరంగా నిలపండి. కాఫీ మా ఆవిడ ఇస్తుంది.