ఆవిరి గొట్టములలో సమ్మెటపోటు

మేము ఉద్యోగరీత్యా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున నివసించుచున్నాము. అచ్చటి పాత యిండ్లలో ననేకము ఆవిరిచేతనే వెచ్చబడుచున్నవి. నేలమాళిగలోని బాయిలరునందు నీరు కాగి, ఆవిరియై, గొట్టముల గుండ గదులలోని రేడియేటర్లకు బోవును. అచ్చట చల్లారి నీరై, మరల బాయిలరునకు దిగివచ్చును.

మా యింటి పాత బాయిలరు చెడిపోగా, తక్కువ వెల చెప్పినవానిచే క్రొత్తది పెట్టించితిమి. ఆ రాత్రియే యెవరో సమ్మెటతో గొట్టములను మోదుచున్నట్లు చప్పుడు బయలుదేరెను. స్వదేశమునుండి వచ్చియున్న మా తల్లిగారు ఉలికిపడి లేచి, పసిబిడ్డను రొమ్మున కదుముకొని, మంచు కురియుచుండగనే వాకిటిలోనికి బరుగెత్తిరి. "ఇల్లు పేలిపోవునేమో, నాయనా!" యని వణకిరి. బాయిలరు నార్పి, తెల్లవారువఱకు దుప్పట్లు కప్పుకొని చలిలో గూర్చుంటిమి. క్రొత్త యంత్రమును మిక్కిలి దూషించితిమి.

కొన్నాళ్లకు ఆవిరిపనిలో తల నెరసిన వృద్ధు డొకడు వచ్చెను. ఆయన యంత్రమును జూడలేదు. రసమట్టము తీసి గొట్టములపై బెట్టి చూచెను. "నిలిచిన నీరే చప్పుడు చేయుచున్నది" అనెను.

నీరు ఆవిరియైనచో సుమారు 1700 రెట్లు వ్యాపించును. ఆ యావిరి చల్లని నీటిపై బడి తటాలున నీరైనచో, ఆ చోటు శూన్యమగును. చుట్టునున్న నీరు దానిలోనికి దూకి గొట్టపు మలుపును గొట్టును. ఇదియే సమ్మెటపోటు.

మా యింట మూడు దోషములు బయటపడెను. మొదటిది, పెద్దగొట్టము నడుమ క్రుంగి నీరు నిలుచుచుండెను. ఆవిరి పోవు దిక్కునకే 20 అడుగులకు 1 అంగుళము చొప్పున వాలుండవలెను. రెండవది, బాయిలరు పైనుండు అడ్డగొట్టము సన్ననిదై, క్రిందుగా నుండెను. అది బాయిలరులోని నీటిమట్టమునకు 24 అంగుళములైన పైగా నుండవలెను. సన్ననిదైనచో ఆవిరి వడిగా బోవుచు నీటినిగూడ నీడ్చుకొనిపోవును. మూడవది, తిరిగివచ్చు నీటిగొట్టము నీటిమట్టమునకు సుమారు 2 అంగుళములు దిగువను, మిక్కిలి పొట్టి తునుకతో గలియవలసియుండగా, మాది జేనెడు తునుకతో మట్టమునకు పైనే కలిసియుండెను.

ఈ కూర్పునకు హార్ట్‌ఫర్డ్ లూప్ అని పేరు. 1865లో మిస్సిసిపీ నదిపై సుల్తానా యను పొగయోడ బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా మరణించిరి. మరుసటి సంవత్సరము హార్ట్‌ఫర్డ్ నగరమున బాయిలర్లను తనిఖీ చేసి భీమా చేయు సంఘ మొకటి వెలసెను. తిరుగుగొట్టము పగిలినను బాయిలరులోని నీరంతయు పోకుండునట్లు ఆ సంఘమువారు 1919లో నీ కూర్పును సూచించిరి. మూతి చిన్నదైనను అది ప్రాణరక్షకము.

ఆయన రెండు దినములు శ్రమించి గొట్టములను సరిచేసెను. ఆ రాత్రి మా తల్లిగారు నిద్రపోక, బిడ్డను ఒడిలో నుంచుకొని రేడియేటరు చెంత గూర్చుండి చెవియొగ్గిరి. సన్నని బుస తప్ప మఱేమియు వినబడలేదు.

జరిగినది వివరింపగా ఆమె నవ్వి, "చేనికి నీరు పెట్టుట యెవరికైన దెలియును, మురుగు దీయుటలోనే సేద్యగాని తెలివి" అనిరి. మేము పుస్తకములు పెక్కు చదివియు, వెల తగ్గుననియే చూచితిమి గాని, పోయిన నీరు తిరిగివచ్చు త్రోవ నడుగమైతిమి. ఆ లోపము మాదే.