రెండు దారులకూ చాలే బండి

ఖరగ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది అక్కడి రైల్వే ప్లాట్‌ఫారం. 1,072 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా దశాబ్దాలపాటు పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించింది. 2023లో ఆ కీర్తి కర్ణాటకలోని హుబ్బళ్ళికి దక్కింది. పట్టాలే ప్రాణంగా పుట్టిన ఈ పట్టణానికి రెండు రోడ్ల వరం కూడా ఉంది. కోల్‌కతా నుంచి వచ్చే 16వ జాతీయ రహదారి ఇక్కడినుంచి దక్షిణానికి మళ్ళి, ఒడిశా దాటి, ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది. 49వ జాతీయ రహదారి పడమటికి, సాలవనాలకేసి సాగిపోతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొల్పినప్పటినుంచీ ఉత్తరాంధ్ర పల్లెల జనం పనికోసం ఈ ఊరు చేరుతూ వచ్చారు. తరాలు గడిచినా ఇక్కడి తెలుగువారి ఇళ్ళలో మాట మాసిపోలేదు. అటువంటి ఇంటి యువకుడొకడు మోటారు సైకిలు కొనదలచాడనుకుందాం. పండుగకు దానిమీద తాతగారి ఊరు వెళ్ళాలని ఒక కోరిక. సెలవునాడు అడవి దారులు చూడాలని మరొక కోరిక. జీతం ఒక్కటే; కొనగలిగేదీ ఒక్క బండే. అది ఎలా ఉండాలి?

మొదటి దారినే తీసుకుందాం. శ్రీకాకుళం ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం గంటల తరబడి ఒకే వేగంతో పోవాలంటే ఇంజను ఆయాసపడకూడదు; ఆరో గేరు ఉంటే మేలు. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు తగిలే గాలిదెబ్బ ఛాతీమీద పడకుండా ముందు అద్దం కావాలి. లీటరుకు 30 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, 17 లీటర్ల ట్యాంకు 500 కిలోమీటర్లు నడిపిస్తుంది. అప్పుడు బంకు కోసం వెదుకులాట ఉండదు. వెనుక సామాను కట్టుకోవడానికి గట్టి ఇనుప చట్రం ఉండి తీరాలి. సంక్రాంతికి ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళేవారెవరు?

రెండవ దారి కోరేది వేరు. లోధాశులి వద్ద పెద్ద రోడ్డు విడిచి ఉత్తరానికి తిరిగితే ఝాడ్‌గ్రాం. దానికి ఆవల బెల్‌పహాడీ వైపు ఎర్ర కంకర నేల, మెట్టలు, వాగులు. వాన పడితే ఆ మట్టి జారుతుంది. ఎండితే గులకరాళ్ళు టైరు కింద దొర్లుతాయి. దల్మా కొండలనుంచి ఏనుగుల మందలు దిగివచ్చే ప్రాంతం కనుక, మలుపులో ఆగవలసివస్తే వెంటనే ఆగాలి, కదలవలసివస్తే వెంటనే కదలాలి. ఇక్కడ 21 అంగుళాల ముందు చక్రం గుంతలను సులువుగా దాటుతుంది. ఇంజను అడుగుభాగం నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తునైనా ఉండాలి. చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏ.బి.ఎస్. తారురోడ్డు మీద ప్రాణరక్షకమే. వదులు కంకరమీద మాత్రం వెనుక చక్రానికి దానిని ఆపివేసే మీట ఉంటే, అనుభవమున్న చేతికి పట్టు దొరుకుతుంది. స్పోకుల చక్రం దెబ్బను ఓర్చుకుంటుంది. దానికి ట్యూబు లేని టైరు కూడా జతపడితే, పంక్చరైనప్పుడు నడి అడవిలో చక్రం ఊడదీసే శ్రమ తప్పుతుంది.

చిక్కంతా ఈ కోరికలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడంలో ఉంది. పెద్ద ట్యాంకు బరువు పెంచుతుంది. నేలకు ఎడం పెరిగితే సీటూ ఎత్తవుతుంది. ఐరోపాలో 1980లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 80 జి/ఎస్‌తో రహదారికీ మట్టిబాటకూ ఒకే బండి అన్న ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చింది. ఆ వంశంలోని నేటి పెద్ద బండ్లు 250 కిలోలకు దగ్గరగా తూగుతాయి. మన రోడ్లకూ మన జేబులకూ మధ్యరకమే తగినది. 2016లో వచ్చిన తొలి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు 411 సి.సి. ఇంజను, అయిదు గేర్లు, 800 మిల్లీమీటర్ల ఎత్తున సీటు ఉండేవి. 2023లో దాని స్థానంలో వచ్చిన 452 సి.సి. బండికి 40 అశ్వశక్తి, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు అమరాయి. సీటు మాత్రం 825 మిల్లీమీటర్లకు ఎక్కింది. బలం పెరిగింది, పొట్టివారికి నేల దూరమైంది.

పాతిక మిల్లీమీటర్లంటే బొటనవేలి వెడల్పు. కాని ఎర్రబురదలో బండి ఒక పక్కకు ఒరిగిన క్షణాన పాదం నేలకు ఆనడానికీ ఆనకపోవడానికీ అదే తేడా. ఆనకపోతే 196 కిలోల బండి పడుతుంది. కనుచూపుమేరలో మనిషి లేనిచోట దానిని లేవనెత్తవలసినది అతడొక్కడే.

కనుక కొనబోయేవాడు అశ్వశక్తి లెక్కలు చదివేముందు బండిమీద కూర్చుని రెండు కాళ్ళూ దించి చూడాలి. నేలమీద పడుకోబెట్టిన బండిని ఒక్కడూ లేపగలడో లేదో, పక్కన ఒకరిని ఉంచుకుని, పరీక్షించుకోవాలి. తరువాతి ప్రశ్న మరమ్మతు. చెయిన్ బిగించడం, ఎయిర్ ఫిల్టరు మార్చడం, తెగిన క్లచ్చి తీగ వేసుకోవడం సంచిలోని పనిముట్లతో సాధ్యం కావాలి. తరతరాలుగా ఇంజన్లు విప్పి బిగించిన ఊరివారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. బాగుచేసుకోగలిగిన యంత్రాన్నే నమ్మవచ్చునని వారికి తెలుసు.

ఇంతా చేసి దారి మధ్య తుపానో, ఒంట్లో నలతో అడ్డుపడితే, ఈ ఊరిలో మూడవ దారి ఎలాగూ ఉంది. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసి, గోనెపట్టాలు చుట్టి, పార్సిలుగా అప్పగిస్తే బండి రైలెక్కుతుంది. కొండలనూ అడవులనూ గెలవడానికి కొన్న వాహనం పొడవాటి ఆ ప్లాట్‌ఫారం మీద, బుట్టలూ మూటల నడుమ, బుద్ధిగా తన వంతు కోసం నిరీక్షిస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు. సాహసయాత్రకు పోయిన కొడుకు ఏ దారిన వచ్చినా సరే, క్షేమంగా గుమ్మం చేరాలన్నదే ఇంటిలో ఎదురుచూసే తల్లి కోరుకునేది.