గడప దగ్గర ఏలీ

1897లో బ్రామ్ స్టోకర్ సృష్టించిన డ్రాకులాకు తానెవరో అన్న సందేహం ఎన్నడూ కలగదు. కోట ఉన్నది, వంశం ఉన్నది, దాహం ఉన్నది. నాకు అతని పట్ల భయమే తప్ప ఆసక్తి ఎక్కువగా కలగలేదు. సందేహం కలిగేది పసివయసులో పిశాచమైపోయిన వారికి. అటువంటి పాత్రల్లో నన్ను చాలాకాలంగా వదలనిది ఏలీ. స్వీడన్ రచయిత యోన్ ఐవిదె లిండ్‌క్విస్ట్ 2004లో ప్రచురించిన నవలలోని పన్నెండేళ్ల పాత్ర ఇది. నేను చదివినది ఆంగ్లానువాదం. ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ అన్న పేరుతో దొరుకుతుంది. ఇకపై కథంతా చెప్పేస్తున్నాను కనుక, ముందే తెలిసిపోతే ఇబ్బందిపడేవారు ఇక్కడ ఆగిపోవచ్చు.

కథాకాలం 1981. స్థలం స్టాక్‌హోం నగరానికి పడమటనున్న బ్లాకెబెర్గ్ అనే శివారు ప్రాంతం. రచయిత పెరిగినది కూడా అక్కడే. గతమంటూ లేని, కనీసం ఒక చర్చి కూడా లేని కొత్త కాలనీగా దానిని పరిచయం చేస్తాడు. అటువంటి చోటికి రెండు వందల ఏళ్ల గతాన్ని మోసుకొని ఒక పిల్ల అద్దెకు దిగుతుంది. పక్కింట్లో ఓస్కర్ ఉంటాడు. బడిలో రోజూ తన్నులు తినే పిల్లవాడు. తనను కొట్టేవారిని పొడుస్తున్నట్లు ఊహించుకుంటూ రాత్రివేళ చెట్టును కత్తితో పొడుస్తుంటాడు. వారి స్నేహం ఒక రూబిక్స్ క్యూబ్‌తో మొదలై, రెండిళ్ల మధ్య గోడమీద మోర్స్ కోడ్‌లో తట్టుకునే మాటల దాకా వెళుతుంది.

నువ్వు రక్తపిశాచివా అని ఓస్కర్ ఒకనాడు అడుగుతాడు. నెత్తురు తాగి బతుకుతానని ఒప్పుకుంటుంది గాని, ఆ పేరును మాత్రం ఏలీ ఒప్పుకోదు. రెండింటికీ చాలా తేడా ఉన్నదంటుంది. ఏమిటా తేడా? నవల పూర్తయ్యేదాకా నేను వెతుకుతూనే ఉన్నాను. తాను చేసే పనీ తానూ ఒకటి కాదని నమ్మితే తప్ప ఆ పిల్ల ఇంకొక రాత్రి బతకలేదని మాత్రం అర్థమైంది. ఈ కథ సినిమాలో ఓస్కర్ చాక్లెట్ ఇస్తే, అతడు చిన్నబుచ్చుకుంటాడని తిని, పక్కకు పోయి కక్కుకుంటుంది. ఇంత చిన్న సంగతిలో అంత ప్రేమను నేను పెద్ద ప్రేమకథల్లో కూడా అరుదుగా చూశాను.

తీరా చూస్తే ఏలీ ఆడపిల్ల కాదు. రెండు శతాబ్దాల క్రితం ఒక ప్రభువు క్రౌర్యానికి బలై, శరీరం ఛిద్రమైన ఇలియాస్ అనే పిల్లవాడు. ఈ సంగతి ఓస్కర్‌కు తెలిసిన తరువాత కథనంలో సర్వనామం మారిపోతుంది. ఒక మిత్రునికి ఈ కథ తెలుగులో చెబుతున్నప్పుడు మన క్రియల సౌలభ్యం నాకు స్ఫురించింది. ‘వచ్చింది’ అంటే పిల్ల రావచ్చు, పిల్లి రావచ్చు, దయ్యం రావచ్చు. ఏలీ ఆడపిల్లా పిశాచమా అన్నది తేల్చకుండానే కథ చాలా దూరం నడిచింది. ఇలియాస్ దగ్గరకు వచ్చేసరికి ‘వచ్చాడు’ అనవలసి వచ్చింది. నోరు రాలేదు. ఇప్పుడు కూడా రాయలేకపోతున్నాను, పాఠకులు మన్నించాలి.

ఇక్కడ అమెరికా రచయిత్రి ఆన్ రైస్ సృష్టించిన క్లాడియా గుర్తుకు రాక మానదు. ఆమె ఐదేళ్ల కూతురు 1972లో లుకేమియాతో మరణించింది. 1976లో వచ్చిన నవలలో, ఐదేళ్ల వయసులో పిశాచమై ఇక ఎదగని క్లాడియా ఉన్నది. ఆమె మనసు స్త్రీగా ఎదుగుతుంది, ఒళ్లు ఎదగదు; తనను అట్లా చేసినవారిని క్షమించలేదు. ఏలీది వేరే కష్టం. మనసు కూడా పన్నెండేళ్ల దగ్గరే ఆగిపోయింది. అందుకే ఆ ప్రేమలో పెద్దల కోరిక లేదు, గోడమీద తట్టే చప్పుడే ఉన్నది.

పిశాచం ఇంట్లోకి రావాలంటే లోపలివారు రమ్మనాలి. ఇది పాత నియమమే. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి దయ్యాన్ని వెనక్కు పంపేవారు. అక్కడ పిలవకపోతే చాలు. పిలవకుండా వస్తే ఏమవుతుందో చూడాలని ఓస్కర్‌కు కుతూహలం. నోరు విప్పడు. ఏలీ గడప దాటి వచ్చి నిలబడుతుంది. కళ్ల నుంచి, చెవుల నుంచి, చర్మరంధ్రాల నుంచి నెత్తురు కారుతుంది. అప్పుడు భయపడి రమ్మని అరుస్తాడు. ప్రేమించిన మనిషిని పరీక్షించే క్రౌర్యం పిశాచానిది కాదు, మనిషి పిల్లవాడిది.

అట్లాగని ఏలీని నిర్దోషిగా నిలబెట్టడు రచయిత. చంపబడినవారిలో కాలనీ తాగుబోతు ఒకడుంటాడు. అతని మిత్రుడు లాకె దుఃఖానికి నవలలో ఎంతో చోటు ఉన్నది. లాకె ప్రేమించిన వర్జీనియా, ఏలీ కాటుకు తాను కూడా అదే అవుతున్నానని గ్రహించి, ఆసుపత్రి గదిలోకి ఎండ రానిచ్చి కాలిపోతుంది. 2005లో వచ్చిన ‘ట్వైలైట్’లో నాయకుని కుటుంబం జంతువుల నెత్తురుతో సరిపెట్టుకుంటుంది. అక్కడ ప్రేమకు ఖరీదు లేదు. నాకు రుచించకపోవడానికి కారణం అదే.

2008లో తోమాస్ ఆల్ఫ్రెడ్‌సన్ ఈ కథను సినిమాగా తీశాడు. ఏలీకోసం హత్యలు చేసిపెట్టే నడివయసు హోకాన్ నవలలో పిల్లలపై వికృతమైన కోరిక ఉన్నవాడు. సినిమా అతని గతాన్ని వదిలేసింది. దానితో, అతడు కూడా ఒకప్పుడు ఓస్కరేనేమో, ఈ ప్రేమంతా కొత్త సేవకుడి కోసమేనేమో అన్న అనుమానం ప్రేక్షకులకు కలిగింది. నాకు కూడా కలిగింది. అయితే ఆ చాక్లెట్ తిన్న పిల్ల లెక్కలు వేసిందని నమ్మలేను. అవసరం, ప్రేమ ఎక్కడ విడిపోతాయో ఏలీకే తెలియదని నా అభిప్రాయం.

లిండ్‌క్విస్ట్‌కు ఆ అనుమానం నచ్చలేదు కాబోలు. తరువాత ‘లెట్ ది ఓల్డ్ డ్రీమ్స్ డై’ అన్న కథ రాశాడు. ఓస్కర్ సేవకుడు కాలేదు, ఏలీ వంటివాడే అయ్యాడని అది సూచిస్తుంది. ఏళ్లు గడిచినా ఇద్దరూ పిల్లలుగానే ఉన్నారు. చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే గుర్తుకు వచ్చినవాడు లాకె. అన్నేళ్లూ వాళ్లిద్దరూ నెత్తురు తాగే కదా బతికి ఉంటారు.