పట్టాలు తీసేసిన దారిలో సైకిలు ప్రయాణం

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన అక్కయ్యలకి తెలుసు, అక్కడ మన రోజులెలా గడుస్తాయో. మొదటి పదిహేను రోజులూ ఊరు చూపిస్తారు. ఆ తర్వాత వాళ్ళు ఆఫీసుకి, మనం వంటింట్లోకి! మా అమ్మాయి వాళ్ళుండేది పిట్స్‌బర్గ్‌లో. అక్కడ పెన్‌హిల్స్‌లో 1976లో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. శనివారం దర్శనం చేసుకుని, పులిహోర తిని ఇంటికొస్తే ఇక వారం గడిచినట్టే. కిందటిసారి వెళ్ళినప్పుడు మాత్రం ఆ ఊరి నుంచి బయల్దేరే ఇంకో దారి చూశాను. సైకిలు మీద చూశాను! నవ్వుతున్నారా? నవ్వండి, ఫరవాలేదు. వచ్చే ఏడాది మీరూ పిల్లల దగ్గరికి వెళ్తారేమో, ముందు సంగతంతా వినండి.

ఆ దారి పేరు గ్రేట్ ఎలగేనీ ప్యాసేజ్. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు. ఒకప్పుడిది రైలు దారి. కొండల్లోంచి వెళ్ళే వెస్టర్న్ మేరీల్యాండ్ రైలుమార్గం 1975లో మూతపడింది. పట్టాలు పీకేశాక మిగిలిన కట్ట మీద సున్నపురాయి పొడి పరిచి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ బాట వేశారు. 1986లో ఒహాయోపైల్ అనే చిన్న ఊరి దగ్గర మొదటి ముక్క తెరిచారు. అలా ముక్కా ముక్కా కలుపుకుంటూ 2013కి పిట్స్‌బర్గ్ దాకా పూర్తిచేశారు. కార్లూ మోటారు సైకిళ్ళూ రాకూడదు. టిక్కెట్టూ లేదు.

ఇందులో మనలాంటి వాళ్ళకి కలిసొచ్చే సంగతొకటుంది. రైలు నిటారుగా కొండెక్కలేదు కదా! అందుకని ఆ రోజుల్లోనే కొండని తొలిచి, లోయ మీద వంతెన కట్టి, దారిని చదును చేసి పెట్టారు. చాలాచోట్ల నూరడుగులకి అడుగు కూడా ఎక్కదు. ఎక్కుతున్నామా దిగుతున్నామా అన్నది కంటికి తెలియదు, కాళ్ళకే తెలుస్తుంది.

ఇంతకీ ఈ సైకిలు గొడవ నాకెందుకు వచ్చిందంటారా? మా అల్లుడికి సైకిళ్ళ సరదా. ఒకరోజు భోజనాల దగ్గర, ‘అత్తయ్యగారూ, అక్టోబరులో ఆకులు రంగు మారతాయి. నాలుగు రోజుల్లో 150 మైళ్ళూ వెళ్ళొద్దాం. మీరు కార్లో వచ్చి ఊరూరా మమ్మల్ని కలుసుకోండి’ అన్నాడు. నాకేం తోచిందో, ‘నేను కార్లో ఎందుకు, నాకూ సైకిలొచ్చు’ అనేశాను.

మా అమ్మాయి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ‘నీకు సైకిలొచ్చా? ఎప్పుడూ చెప్పలేదే!’ అంది. నిజమే. ముప్ఫయ్యేళ్ళొచ్చిన పిల్లకి వాళ్ళమ్మ సైకిలు తొక్కేదని తెలీదు. తెనాలిలో గంటకి పావలా ఇచ్చి అద్దె సైకిలు తెచ్చుకుని, సీటందక కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. పెళ్ళయ్యాక అత్తవారింట్లో ఎవరూ వద్దనలేదు. వద్దనే అవసరమే రాలేదు! తర్వాత చెప్పుకునే సందర్భమూ రాలేదు.

ఇద్దరూ తెగ సంబరపడి నన్ను కూడా కలిపేసి పథకం వేశారు. రోజుకి 35, 40 మైళ్ళు. నేను ‘సరే’ అంటూ తలూపాను. లోపల మాత్రం గుండె దడ. కాదంటే వాళ్ళ సరదా పాడుచేసినదాన్నవుతానని భయం. పిల్లల ఇంట్లో ఉన్నప్పుడు మనకిదో జబ్బు, ఏమంటారు? కాలు నొప్పన్నా చెప్పం, కూర నచ్చకపోయినా చెప్పం.

సాధన మొదలుపెట్టాక అసలు రంగు బయటపడింది. ఒకసారి వస్తే మరిచిపోమంటారే, ఆ మాట నిజమే. బండి పడలేదు. కానీ మూడో మైలుకే మోకాలు పట్టేసింది. సీటు బాగా కిందికి పెట్టుకోవడం వల్ల వచ్చిన తంటా అది. కాళ్ళు నేలకి ఆనాలని మనం సీటు దించుకుంటాం. అలా చేస్తే మోకాలు మరీ ముడుచుకుపోతుంది. పెడలు కిందికెళ్ళినప్పుడు కాలు దాదాపు తిన్నగా చాగాలి, కొంచెం వంపు మిగలాలి, అంతే. సీటు పైకి లేపాక నొప్పి సగం తగ్గింది.

ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. అక్కడ బాటలో కుడివైపున వెళ్ళాలి. ఎదురుగా ఎవరో వస్తుంటే నేను అలవాటుగా ఎడమకి తిప్పాను. ఆయనేమో పద్ధతి ప్రకారం అటే వస్తున్నాడు! ఇద్దరం గడ్డిలోకి దిగాం. పాపం, ఆయనే నాకు సారీ చెప్పాడు. రెండోది బ్రేకులు. మన దగ్గర కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. అక్కడ మామూలుగా ఎడమచేతిది ముందు చక్రానికి. అలవాటు కొద్దీ ఎడమది గట్టిగా నొక్కితే ముందుకి పడతాం. అద్దెకి తీసుకునేటప్పుడే నొక్కి చూసుకోండి.

ఇక సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. దారిలో బాత్‌రూములుండవేమోనని ఒకరోజు నీళ్ళు తాగకుండా బయల్దేరాను. పదో మైలు దగ్గర పిక్కలు పట్టేసి రోడ్డు పక్క చతికిలబడ్డాను. అమ్మాయి కాళ్ళు పడుతుంటే అప్పుడు నోరు తెరిచాను. ‘నా వల్ల కాదే. రోజుకి 40 మైళ్ళంటే చస్తాను. పదో పదిహేనో అయితే వస్తా’ అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. ‘మొదటిరోజే చెబితే ఏం పోయేదమ్మా?’ అంది. కోపమే, కానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆ రాత్రి మ్యాపు మళ్ళీ పరిచాం. ఈసారి నేనూ పక్కన కూచున్నాను. దారిలో మరుగుదొడ్లున్న చోట్లు ముందు గుర్తుపెట్టించాను. ఊళ్ళ దగ్గర, కార్లు ఆపే మొదళ్ళ దగ్గర ఉంటాయి. మధ్యలో మైళ్ళకి మైళ్ళు అడవే. కొట్లు కూడా ఉండవు, కొన్నిచోట్ల ఫోను పలకదు. ఆ తర్వాత ఎత్తుపల్లాలు చూశాం. మొత్తం దారికి నెత్తి 2,392 అడుగుల ఎత్తున ఉంది. కంబర్లాండ్ నుంచి అక్కడికి 24 మైళ్ళ లోపే ఎక్కాలి, అది కష్టం. అటు పిట్స్‌బర్గ్ నుంచి వస్తే నిదానంగా ఎక్కుతుంది కానీ 126 మైళ్ళు. మేం రెండూ వద్దనుకున్నాం. నెత్తి దాటాక ఎనిమిది మైళ్ళ దూరంలో మేయర్స్‌డేల్ ఉంది. అక్కడిదాకా కార్లో వెళ్ళి, అక్కణ్ణుంచి పిట్స్‌బర్గ్ వైపు తొక్కితే దారంతా సన్నటి పల్లం!

మొదటిరోజు మేయర్స్‌డేల్ నుంచి రాక్‌వుడ్‌కి 12 మైళ్ళు. రెండోరోజు కాన్‌ఫ్లూయెన్స్‌కి 18. మూడోరోజు ఒహాయోపైల్‌కి 10. మొత్తం 40 మైళ్ళు. మా అల్లుడు ఒక్కరోజులో తొక్కేద్దామన్న దూరమన్నమాట! పాపం, ఏమీ అనకుండా కారు నడపడానికి ఒప్పుకున్నాడు. కారు లేకపోతే సామానూ సైకిళ్ళూ చేరవేసే బళ్ళు దొరుకుతాయి, ముందే మాట్లాడుకోవాలి. అక్టోబరులో బసలు కూడా త్వరగా నిండిపోతాయి. మరీ ఆలస్యం చేస్తే చలికాలం వచ్చేస్తుంది. నెత్తికి అవతల 3,000 అడుగులకి పైగా పొడవున్న బిగ్ సావేజ్ సొరంగముంది. దానికి చలికాలమంతా తలుపులు మూసేస్తారు.

బట్టల విషయంలో చున్నీ వద్దేవద్దు, గొలుసులో చిక్కుకుంటుంది. పొడుగు కుర్తా అయితే పక్కలు ముడేసుకోండి. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు దొరుకుతుంది, దాని మీద మామూలు ప్యాంటు వేసుకుంటే ఎవరికీ తెలియదు. తలకి హెల్మెట్టు తప్పనిసరి. సాయంత్రం బసకి వెళ్ళగానే కాళ్ళూ మెడా తడిమి చూసుకోవాలి. ఆ అడవుల్లో గోమార్ల లాంటి పురుగులు పట్టుకుంటాయి.

తిండి పని నేనే పట్టాను. చింతపండు పులిహోర మొదటిరోజుకి. చపాతీల్లో పొడిగా వేయించిన బంగాళాదుంప కూర చుట్టి రెండోరోజుకి. మంచులో పెట్టిన డబ్బాలో ఉంచితే ఏమీ కాలేదు. వేరుశెనగ పప్పుండలు జేబులో. ఉప్పూ పంచదారా నిమ్మరసం కలిపిన నీళ్ళు రెండేసి సీసాలు. పప్పుండల ముందు వాళ్ళ చాక్లెట్ బిళ్ళలు దిగదుడుపే సుమండీ!

మేయర్స్‌డేల్ దాటగానే సాల్స్‌బరీ వంతెన వస్తుంది. 1,908 అడుగుల పొడవు, కింద నూరడుగుల లోతున క్యాసిల్‌మన్ నది, రోడ్డు, రైళ్ళు. మధ్యకి వెళ్ళి దిగి నిలబడ్డాను. నదికి రెండువైపులా కొండలకి పసుపూ కుంకుమా చల్లినట్టుంది. గాలికి చేతులు వణికాయి. అమ్మాయి నా హ్యాండిలు పట్టుకోబోయింది. వద్దని మళ్ళీ ఎక్కాను.

కాన్‌ఫ్లూయెన్స్ అంటే సంగమం. యాకగేనీ నది, క్యాసిల్‌మన్, లారెల్ హిల్ అనే వాగు మూడూ అక్కడే కలుస్తాయి. అచ్చం త్రివేణి! మేం దిగిన ఇల్లు చిన్నదే, ఆ పెద్దావిడ వేణ్ణీళ్ళ బకెట్టిస్తే కాళ్ళు పెట్టుకుని గంటసేపు కూచున్నాం. అప్పుడడిగింది అమ్మాయి, ‘తెనాలిలో ఎక్కడెక్కడికి తొక్కేదానివమ్మా?’ అని. కాలవ గట్టూ, సినిమాహాలు వీధీ, మా స్నేహితురాలిల్లూ అన్నీ చెప్పాను. చెబుతూంటే నాకే ఆశ్చర్యమేసింది, ఇంత గుర్తుందా అని.

మూడోరోజు పది మైళ్ళూ నది పక్కనే. జలపాతం హోరు వినపడింది, ఒహాయోపైల్ వచ్చేసింది. అల్లుడు కారు దగ్గర ఫ్లాస్కులో కాఫీతో సిద్ధంగా ఉన్నాడు. ‘ఇక్కణ్ణుంచి కానెల్స్‌విల్‌కి 17 మైళ్ళేనండీ, ఎప్పుడైనా...’ అంటూ నావైపు చూశాడు. ఈసారి తలూపలేదు. మోకాలినడిగి రేపు చెబుతానన్నాను.