ఆల్బమ్‌లో మన ముఖం

మేము ముగ్గురం పెళ్లి ఫొటోలు తీస్తాం. ఇద్దరం గోండులం, ఒకరు ప్రధాన్ ఇంటివాడు. ముగ్గురం ఒకే ఆశ్రమ పాఠశాలలో ఒకే వరుసలో పళ్లాలు పట్టుకొని నిలబడ్డవాళ్లం. ఒకరిది ఫొటో కెమెరా, ఒకరిది వీడియో, మూడో మనిషిది లైట్లు, బ్యాటరీలు, బండి, బాకీల వసూలు. ఈ చివరి పనే అన్నింటికన్నా కష్టం. ఉట్నూరు, జైనూరు, నార్నూరు, ఇంద్రవెల్లి వైపు గూడేలు మా పనిచోట్లు. ఎండాకాలం వస్తే మా ఇళ్లల్లో మేము కనబడం.

రెండు రోజుల పెళ్లికి 18,000 తీసుకుంటాం. బయానా పత్తి అమ్మిన డబ్బులోంచి వస్తుంది. మిగిలింది మళ్లీ పత్తి అమ్మినప్పుడు. "పత్తి ఏరినంక ఇస్తం దాదా" అంటే అబద్ధం కాదు, ఇస్తారు. కానీ ఆల్బమ్ వేసే ల్యాబువాడు పత్తి దాకా ఆగడు. అందుకే మా దగ్గర ఎప్పుడు చూసినా నాలుగైదు ఆల్బమ్‌లు డబ్బు కట్టక ఆగి ఉంటాయి.

ఫోన్లు వచ్చాక మీ పనేముంది అని చాలామంది అడుగుతారు. నిజమే, పెళ్లిలో ఇప్పుడు కెమెరాకన్నా ముందు యాభై ఫోన్లు లేస్తాయి. కానీ ఫోను పగులుతుంది, పోతుంది, మెమరీ నిండితే పాతవి చెరిపేస్తారు. ఇంట్లో పెద్దమనిషి చనిపోయిన మర్నాడు మా దగ్గరికి ఎవరో ఒకరు సంచిలో ఆల్బమ్ పెట్టుకొని వస్తారు. పదేళ్ల కిందటి పెళ్లిలో, గ్రూపు ఫొటోలో, వెనక వరుసలో, ఎవరి భుజం పక్కనో సగం కనబడే ముఖం చూపించి "ఈయనను ఒక్కణ్ని తీసి పెద్దగా చేసి ఇయ్యండి, దినాలకు కావాలె" అంటారు. ఆ మనిషికి బతికిన కాలమంతటికీ ఆధార్ ఫొటో, ఈ సగం ముఖం తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే గ్రూపు ఫొటో తీసేటప్పుడు మేము పెళ్లికొడుకు కన్నా వెనక వరుసలోని ముసలివాళ్ల గురించి ఎక్కువ అరుస్తాం. "తాతా, కొంచెం ఇటు జరుగు. రుమాలు పైకి అను." పెళ్లివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ముఖం సరిగా రావడం అంత సులువు కాదు. మన పెళ్లిళ్లు మంచి ఎండలో. మన పెద్దలది తెల్ల ధోవతి, తెల్ల రుమాలు. ముఖమేమో మనది. ఎదురుగా ఉన్న వెలుగునంతా కెమెరా సగటు చేసుకుంటుంది. తెల్లబట్ట ఎక్కువ కనబడితే వెలుగు ఎక్కువైందనుకొని తగ్గిస్తుంది. అప్పుడు రుమాలు చక్కగా వస్తుంది, దాని కింద ముఖం బొగ్గుముద్ద అవుతుంది. చీకటి వసారాలో తీస్తే దీనికి తలకిందులు, ముఖం పాలిపోతుంది. కాబట్టి కెమెరా చెప్పింది వినకూడదు. మనిషి చెంప మీద ఒక్కచోట వెలుగు కొలుచుకోవాలి. వీలైతే మనిషిని చెట్టు నీడకు తేవాలి. ఎండ వైపు ఒక తెల్ల దుప్పటి పట్టుకొని నిలబడితే ఆ వెలుగు ముఖం మీదికి తిరిగి పడుతుంది. మేము పెళ్లివారి దుప్పటే అడిగి తీసుకుంటాం, పిల్లలు పోటీపడి పట్టుకుంటారు. ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు లక్ష రూపాయల కెమెరా గురించి కాకుండా ముందు ఈ దుప్పటి గురించి ఆలోచిస్తే మంచిది.

ఈ చిక్కు కొత్తది కాదు. రంగు ఫిల్ము కాలంలో ల్యాబులో రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటానికి ఒక కార్డు ఉండేదట. దాని మీద తెల్ల అమ్మాయి బొమ్మ. కొడాక్ కంపెనీ పంపేది, షర్లీ కార్డు అనేవాళ్లు. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే అన్ని రంగులూ బాగున్నట్టే లెక్క. ఈ సంగతి తెలిసిన రోజు మేము చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

సొంతంగా పెట్టుకోకముందు రెండు సీజన్లు టౌనులో ఒక స్టూడియోకు పనిచేశాం. లైటు పట్టుకునే పని. ఆ స్టూడియోవాళ్ల కంప్యూటర్లో ఆల్బమ్ పేజీలు ముందే తయారుగా ఉండేవి. పూల అంచులు, ఇంగ్లీషు కవిత్వం, వెనక మంచుకొండలు. ఏ పెళ్లి అయినా అవే పేజీలు, ముఖాలు మాత్రం మారతాయి. ఆ పేజీల్లో జీలకర్ర బెల్లానికి ఒక చోటు, తలంబ్రాలకు ఒక చోటు ఉండేది. మన గూడెంలో పెళ్లి వరస వేరు కదా. పెళ్లికూతురిని పెళ్లికొడుకు ఊరికి తీసుకువస్తారు, పెళ్లి అక్కడే. పొలిమేరలో రెండు పక్షాలవాళ్లు కలుసుకొని రామ్ రామ్ చెప్పుకుంటారు, పెద్దల కాళ్లు మొక్కుతారు. పటేల్, దేవారి, ఊరి పెద్దలు కూర్చునే వరస ఉంటుంది. డోలు, పెప్రె, కాలికోం మోగుతాయి. రాత్రంతా డెంసా. ఆ పేజీల్లో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు. స్టూడియోవాళ్లు ఏం చేశారంటే, పేజీ ఖాళీగా ఉండకూడదని పెళ్లయిన మర్నాడు జంటను కూర్చోబెట్టి ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టమన్నారు. చేతిలో జీలకర్రా లేదు, బెల్లమూ లేదు. చెయ్యి పెడితే చాలన్నారు. వాళ్లు పెట్టారు. ఫొటో పడింది.

అదేమంత పెద్ద విషయం అని మేమూ అనుకునేవాళ్లమేమో. కానీ కొన్నేళ్ల తర్వాత ఒక ఆశ్రమ పాఠశాల సారు మమ్మల్ని బడికి పిలిచి చెప్పిన మాట ఉంది. ఆయన పిల్లలను ఇంటినుంచి అమ్మానాన్నల పెళ్లి ఫొటో తెచ్చి దాని గురించి పది వాక్యాలు రాయమన్నాడు. ఒక పాప అలాంటి ఫొటోనే తెచ్చి 'మా పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం పెడతారు' అని రాసింది. ఆ పిల్ల తన కళ్లతో ఎన్నో పెళ్లిళ్లు చూసింది, డెంసాలో తనూ ఆడింది. అయినా కంటితో చూసినదానికన్నా కాగితం మీద ఉన్నది నిజమనుకుంది. సారు తప్పు కొట్టలేదు. ఆ వారం బడిలో మాకు ఒక పీరియడ్ ఇచ్చాడు. మేము తీసిన పెళ్లిళ్ల ఫొటోలు గోడ మీద వేసి చూపించాం. ఒక్కో ఫొటోకు పిల్లలే గోండిలో పేర్లు చెప్పారు, కొలాం పిల్లలు తమ మాట చెప్పారు. పెప్రె ఊదేవాడి చెంపలు ఉబ్బిన ఫొటో చూసి గదంతా గోల. అలాంటి పీరియడ్ పెట్టడానికి ఇంకే బడివాళ్లయినా పిలిస్తే డబ్బు అడగకుండా వస్తాం. సీజను కాకపోతే చాలు.

స్టూడియోలో రెండో సంగతి రంగు. కంప్యూటర్లో ముఖాలన్నీ తెల్లగా చేసేవాళ్లు. చేతులు వదిలేసేవాళ్లు, వాటికి టైము లేదు. మా బంధువుల పెళ్లే ఒకటి అలా చేశారు. ఆ అమ్మాయి ఆల్బమ్ పట్టుకొని మా దగ్గరికి వచ్చి మొదటి పేజీ తెరిచి "దాదా, ఈ పిల్ల ఎవరు?" అంది. నవ్వుతూనే అడిగింది. వాళ్ల అవ్వ ఫొటోను గుర్తుపట్టలేదట. ముసలామె చూపు మందగించిందని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పారు, కానీ ఆమె పక్కనున్న మేనత్తను ఇట్టే గుర్తుపట్టింది. మేనత్త ముఖం పక్కకు తిరిగి ఉంది, అందుకని దాన్ని తెల్లగా చెయ్యలేదు. స్టూడియోలో అడిగితే "అందరూ తెల్లగానే అడుగుతరు, మేమేం చెయ్యాలె" అన్నారు.

ఆ మాటలో సగం నిజం ఉంది. మా సొంత పని మొదలుపెట్టాక మమ్మల్నీ అలాగే అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. అడిగేది ఎక్కువగా పెళ్లికొడుకులు, అదీ టౌనులో చదువుకొని వచ్చినవాళ్లు. వాళ్లతో వాదించం. చిన్న సైజులో రెండు ఫొటోలు వేసి ఇస్తాం, ఒకటి ఉన్న రంగులో, ఒకటి అడిగిన రంగులో. "ఇంటికి తీసుకపోయి అమ్మకు చూపించు, ఏది నచ్చితే అది ఆల్బమ్‌లో పెడతాం" అంటాం. చాలాసార్లు అమ్మలు ఉన్న రంగు ఫొటోనే ఏరతారు. అప్పుడప్పుడు తెల్లదే కావాలని తిరిగి వస్తారు. పెళ్లి వాళ్లది, డబ్బు వాళ్లది. తెల్లదే ఇస్తాం, అయితే చేతులు కూడా ముఖంతో కలిసేలా చేసి ఇస్తాం. అదొక్కటే మా చేతిలో ఉన్నది.

ముఖాలు చూడటమే పని కనుక పెళ్లికూతురి వయసు మాకు వెంటనే తెలుస్తుంది. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. జరిపించినవాళ్లకు, సహకరించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మేము బయానా తీసుకునే ముందు పదో తరగతి మెమోనో ఆధారో చూస్తాం. 'కల్యాణలక్ష్మికి ఎట్లాగూ కావాలె కదా, మాకూ చూపించండి' అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఒక ఇంట్లో మెమో చూపించలేదు. మేము కాదన్నాం. పెళ్లి ఆగలేదు, టౌను నుంచి వేరేవాళ్లు వచ్చి డ్రోను ఎగరేసి మరీ తీశారు. వేసవి సెలవుల ముందే బడి మానేసిన పిల్ల సంగతి మాకన్నా ముందు టీచర్లకు తెలుస్తుంది. మాకు బయానా వచ్చేసరికి పత్రికలు పంచేసి ఉంటారు.

మన ఫొటోలు మనమే తీసుకోవడం మొన్నమొన్నటి సంగతి. 1940ల్లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త మార్లవాయి వచ్చి ఉన్నాడు. 1943లో అక్కడ గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలవడం వెనక ఆయన ఉన్నాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ ఫొటోల ముందు మేము తల వంచుతాం. అప్పట్లో కెమెరా పట్టుకొని మన గడప ఎక్కినవాళ్లు ఎందరు? కానీ ఆయనవే కాదు, మన గురించిన పాత పుస్తకాలు ఏవి తిప్పినా బొమ్మ కింద 'గోండు యువతి', 'గోండు వృద్ధుడు' అని కనబడుతూ ఉంటుంది. ఆ యువతికి ఒక పేరుంది, ఇంటిపేరుంది, ఆమె మనవలు ఇప్పుడు ఏదో గూడెంలో పత్తి ఏరుతూ ఉంటారు. ఆ ముఖం తమ అవ్వదని వాళ్లకు తెలిసే దారి లేదు.

మాలో ప్రధాన్ ఇంటివాడి తాత కిక్రి వాయించేవాడు. ఏ ఇల్లు నాలుగు దేవుళ్లది, ఏ ఇల్లు ఆరు దేవుళ్లది, ఎవరి మూలం ఎక్కడిది, అన్నీ పాడి చెప్పేవాడు. కాగితం లేదు, కెమెరా లేదు. మనవడికి కిక్రి రాదు. వాడు ఆ మాట బాధగా ఏమీ చెప్పడు, "తాత తలలో మెమరీ కార్డు పెద్దది" అంటాడు. పేర్లు రాయాలన్న ఆలోచన మాత్రం వాడిదే.

ఇప్పుడు ప్రతి పెళ్లిలో గ్రూపు ఫొటో ఒకటి విడిగా కాగితం మీద వేయిస్తాం. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చొని వరసవారీగా పేర్లు అడిగి వెనక రాస్తాం. పేరు, ఇంటిపేరు, ఊరు. గంట పడుతుంది, ఒక్కోసారి పూట పడుతుంది. మెస్రం వారి ఇళ్లల్లో అయితే ఆల్బమ్ అప్పుడే ఇవ్వొద్దంటారు. పుష్య మాసంలో కేస్లాపూర్‌లో నాగోబా దగ్గర కొత్త కోడలికి భేటింగ్ అయితేనే ఆమె ఆ దేవుడి పూజల్లోకి వచ్చినట్టు. ఆ ఫొటో కూడా పెట్టాకే ఆల్బమ్ కుట్టమంటారు. కోడళ్లు తెల్లబట్ట కట్టుకొని ముఖం మీదికి ముసుగు లాక్కొని వస్తారు. చుట్టూ ఎందరో ఫ్లాషులు కొడుతుంటారు. మేము ముసుగు మీద ఫ్లాషు కొట్టం. మొక్కులన్నీ అయ్యి గుడి బయటికొచ్చి ఆమె ముసుగు తీసి నీళ్లు తాగేటప్పుడు అడిగి తీస్తాం.

పోయిన ఏడాది జైనూరు వైపు ఒక ఇంట్లో ఇలాగే పేర్లు రాస్తున్నాం. తొంభై ఏళ్లు ఉంటాయనిపించే అవ్వ, ఫొటో మీద వేలు పెట్టి ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ వచ్చింది. మూడో వరసలో ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ దగ్గర వేలు ఆగింది. అక్కడ ఎవరూ లేరు, వెనక పందిరి గుంజ కనబడుతోంది. ఆమె తన పెద్దకొడుకు పేరు చెప్పింది, పోయి ఇరవై ఏళ్లయిందట. తర్వాత మొగుడి పేరు, ఇంకో ఇద్దరి పేర్లు చెప్పింది. మావాడు మా వైపు ఒకసారి చూసి, పెన్ను తిప్పి, ఆ పేర్లు కూడా రాశాడు.