ఆర్నో గట్టు వెంట ఫ్లారెన్స్

ఆర్నో నది ఫాల్తెరోనా కొండల్లో పుట్టి, 241 కిలోమీటర్లు పారి, పీసా దాటాక సముద్రంలో కలుస్తుంది. పై లోయలను నేను రైలు కిటికీలోంచే చూశాను. కాలినడకన తిరిగింది ఫ్లారెన్స్ పాతపట్నంలో, కుడిగట్టు వెంట పడమరకు.

జాతీయ గ్రంథాలయం గట్టును ఆనుకునే ఉంది. 1966 నవంబరు 4 తెల్లవారుజామున నది గట్టు పొర్లి ఊళ్లోకి వచ్చింది. చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టడానికని నేలమాళిగల్లో నింపుకున్న నూనె ట్యాంకులు పగిలి, బురదలో నల్లనూనె కలిసింది. ఈ గ్రంథాలయంలోనే పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు అందులో నానాయి. పక్కనున్న సాంతా క్రోచె చర్చిలో చిమాబూయె చిత్రించిన శిలువ మీది రంగు సగానికి పైగా రాలిపోయింది. నీట మునిగిన వజారి చిత్రం ‘చివరి విందు’ మళ్లీ అక్కడికి చేరడానికి 50 ఏళ్లు పట్టింది. దేశదేశాల కుర్రకారు వచ్చి, బారుగా నిలబడి, చేతులు మారుస్తూ పుస్తకాలను బయటికి తెచ్చారు. వాళ్లను ఇటలీలో నేటికీ ‘బురద దేవదూతలు’ అంటారు.

కొంచెం నడిస్తే వియా దెయి నేరి వీధిలో ఒక మూల గోడ మీద రెండు వరదల గుర్తులున్నాయి. ఒకటి 1333ది, ఇంకొకటి 1966ది. రెండూ నవంబరు 4నే వచ్చాయి. కొత్త గుర్తు పాతదానికంటే ఎత్తున ఉంది. నీళ్లు అంత ఎత్తుకు లేచిన వీధిలో మనుషులు మళ్లీ కాపురాలు పెట్టారు. అందుకే అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

1333లో కొట్టుకుపోయిన వంతెన చోటే 1345లో పోంతె వెక్కియో లేచింది. 1593లో దాని మీది మాంసం కొట్లను తీయించి కంసాలులను కూర్చోబెట్టారు. 1944లో జర్మన్ సైన్యం మిగతా వంతెనలన్నీ పేల్చేసి దీన్నొక్కదాన్నే వదిలింది.

ఏరు దాటితే ఒల్త్రార్నో. పటాల చట్రాలు చెక్కేవాళ్లు, తోలుపనివాళ్లు, పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్లు తరతరాలుగా బతికిన పేట. నేను వెళ్లినప్పుడు గుమ్మాల పక్కన, అంకెలు తిప్పితే తెరుచుకునే తాళంచెవుల డబ్బాలు ఉండేవి. ఇళ్ల లోపల ఉండేది రెండు రాత్రుల అతిథులు. 2023లో నగరపాలక సంస్థ పాతపట్నంలో కొత్త పర్యాటక అద్దెలను నిషేధించింది, కానీ అప్పటికే ఉన్నవాటి జోలికి పోలేదు. బురద కడిగి ఊరిని నిలబెట్టినవాళ్ల మనవలకు అదే వీధిలో అద్దెకు ఇల్లు దొరక్కపోవడం అన్యాయం. వరద వెళ్లగొట్టలేని మనుషులను అద్దెలు వెళ్లగొడుతున్నాయి.

ఫ్లారెన్స్ వెళ్తే హోటల్లో దిగండి. పర్యాటకులకు అద్దెకిచ్చే ఆ ఇళ్లలో ఉండాల్సింది ఊరివాళ్లు. ఒల్త్రార్నోలో ఉలి చప్పుడు వినబడితే లోపలికి వెళ్లి, ఆ చేతులు చేసినదేదైనా కొనండి.